పసుపు పట్టీ లేని సిలిండర్లు

ఫ్యాక్టరీ, ఆఫీసు బ్లాకు, రెండో అంతస్తు
జూన్ 24

ప్రియమైన అక్కకి,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ బావా బాగున్నారని తలుస్తాను. ఉత్తరం రాసి చాలా రోజులైంది, కోప్పడకు. సేఫ్టీ ఆఫీసర్‌ని చేసినప్పటినుంచి నాకు ఊపిరి సలపడం లేదు. స్టోర్స్‌లో బోల్టులు, నట్లు చూసుకునే రోజుల్లో అయిదు కొట్టగానే ఇంటికి పోయేవాణ్ణి. ఇప్పుడు నాకు సొంత గది, దానికి గాజు తలుపు, తలుపు మీద నా హోదా. నీ మరదలు ఒకసారి వచ్చి చూసి, గాజు మీద వేలిముద్రలు పడకుండా చూసుకోమని చెప్పి వెళ్లింది.

అసలు సంగతికి వస్తాను. మా పనివాళ్లకి ఒక ప్రసంగం ఇద్దామనుకుంటున్నాను. నిప్పు ఆర్పడానికి ఒక్కో చోట ఒక్కో పదార్థం ఎందుకు వాడతారు అన్నది విషయం. నీళ్లు, నురగ, గ్యాసు, పొడి, ఇసుక, ఇన్ని రకాలు దేనికి, ఏదో ఒకటి చాలదా అని ఎవరైనా అడిగితే నేను తడబడకూడదు కదా. నువ్వు ఇరవై ఏడేళ్లుగా నిప్పు ఆర్పే సిలిండర్లు నింపే షాపులోనే ఉన్నావు. నాకో రెండు పేజీలు రాసి పంపు. కొంచెం పెద్ద భాషలో రాయి, పైవాళ్లు కూడా వింటారు. ముఖ్యంగా లోహం అంటుకున్నప్పుడు నీళ్లు కొడితే ఏమవుతుంది, అది అనుభవం ఉన్న పనివాడికి తెలిసి తీరాల్సిన విషయమేనా, ఈ రెండూ వివరంగా రాయి.

ఫోన్ చేయకు. కాగితం మీద ఉంటే నాకు వీలు. బావకి నమస్కారాలు.

నీ తమ్ముడు


సిలిండర్ల షాపు, నింపే గది
జూలై 1

దొరగారికి,

మీ ఉత్తరం అందింది. మీ బావ కళ్లజోడు తుడుచుకుని మరీ పైకి చదివాడు. గాజు తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆగి, ఇక మీదట మీ తమ్ముడింటికి వెళ్తే చెప్పులు ఎక్కడ విప్పాలో అన్నాడు.

పెద్ద భాషలో రాయమన్నావు. నాకు వచ్చింది ఒకటే భాష, దాంతోనే నిన్ను పెంచాను. నీకు కష్టమైతే పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకో.

నిప్పు ఆర్పడమంటే చేతికందినది దాని మొహాన కొట్టడం అనుకునే సన్నాసులు లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరికి సొంత గదులు కూడా ఉంటాయి. నిప్పు బతకాలంటే దానికి వేడి కావాలి, గాలి కావాలి, తినడానికేదో కావాలి. అందులో ఒకటి అందకుండా చేస్తే చస్తుంది. ఏది అందకుండా చేయాలన్నది అక్కడ ఏం మండుతోందో చూసి తేల్చుకోవాలి. ఈ ఒక్క ముక్క అర్థం కాక మనుషులు ఒళ్లు కాల్చుకుంటారు.

చెక్క, కాగితం, గుడ్డ అయితే నీళ్లు. వేడిని లాగేయడంలో నీళ్లని మించింది లేదు. అదే నీళ్లు అంటుకున్న నూనె మూకుడులో పోశావనుకో, నీళ్లు బరువు కాబట్టి అడుక్కి పోతాయి. అక్కడ ఒక్కసారిగా ఆవిరై లేచి మండే నూనెని తెచ్చి నీ మీద కుమ్మరిస్తాయి. మా వీధి చివర క్యాంటీన్ వంటాయనకి కనుబొమ్మలు ఇప్పటికీ సరిగ్గా మొలవలేదు. వంటగదులకి వేరే మందుంది, అది కాగే నూనెతో కలిసి సబ్బులా గట్టిపడి మూత పెట్టేస్తుంది. పెట్రోలు, డీజిలు అయితే నురగ, అది పైన దుప్పటిలా పరుచుకుని గాలి తగలనివ్వదు. కరెంటు పెట్టె కాలుతుంటే నీళ్లు కొట్టినవాడికే షాకు కొడుతుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ గ్యాసు వాడాలి. గాలిని పక్కకి నెట్టేసి పని చేస్తుంది, తరవాత తుడుచుకోవాల్సింది కూడా ఏమీ ఉండదు. కానీ ఇరుకు గదిలో తలుపులేసుకుని ఆ గ్యాసు కొడితే నిప్పుతో పాటు నువ్వూ ఊపిరాడక పోతావు. ఇది నీ ప్రసంగంలో తప్పకుండా చెప్పు, కావాలంటే చేసి చూపించు.

ఇక నీ లోహం. మీ ఫ్యాక్టరీలో కోసే మెగ్నీషియం దిమ్మగా ఉన్నంతసేపు బుద్ధిగానే ఉంటుంది. కోసే లేత్ మెషీన్ కింద రాలే సన్నటి తరుగుకి మాత్రం ఒక్క నిప్పురవ్వ చాలు. అంటుకున్నాక దాని మీద నీళ్లు కొడితే ఆ వేడికి నీళ్లే విరిగిపోయి హైడ్రోజన్ పుడుతుంది, అదీ మండుతుంది. ఆర్పుతున్నాననుకుంటూ దానికి తిండి పెడుతున్నావన్నమాట. గ్యాసు కొట్టినా లాభం లేదు, అందులో దాగిన ఆక్సిజన్‌ని కూడా లాక్కుని మండుతుంది. మామూలు పొడి కూడా చాలదు. దానికని ఉప్పు రకం పొడి ఒకటి వేరే ఉంది, వేడికి కరిగి పైన పెచ్చు కడుతుంది. అది అందకపోతే బాగా ఎండిన ఇసుక. ఇసుకలో కాస్త తడి ఉన్నా అది నీళ్లు కొట్టినట్టే.

ఇంతే. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. తొమ్మిదేళ్లుగా ఆ ఫ్యాక్టరీలో ఉన్నావు, ఏనాడూ ఇవేవీ అడగలేదు. ఇప్పుడు "తెలిసి తీరాల్సిన విషయమేనా" అని అడుగుతున్నావు. ప్రసంగం చేసేవాడికి ఆ మాటతో పని లేదు, ఎవరి మీదో తప్పు రాయబోయేవాడికే కావాలి. ఎవరికి ఏమైంది? డొంకతిరుగుడు లేకుండా రాయి.

అక్క


ఫ్యాక్టరీ, ఆఫీసు బ్లాకు
జూలై 9

అక్కా,

నీ దగ్గర ఏదీ దాగదు. దాచాలని కూడా అనుకోలేదు, నువ్వు కంగారు పడతావని రాయలేదు.

జూన్ పదిహేడున నాలుగో లేత్ కింద తరుగు అంటుకుంది. చిన్న మంటే. ఆ లేత్ మీద ఉండే ఆయన్ని మా దగ్గర అందరూ మేష్టారు అంటారు, కొత్తగా వచ్చినవాళ్లకి పని నేర్పేది ఆయనే కాబట్టి. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆయన పక్క స్తంభానికున్న సిలిండర్ తీసి కొట్టాడు. అది నీళ్ల సిలిండర్. మంట ఎగసి రెండు చేతులూ మణికట్టు దాకా కాలిపోయాయి. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

ఆగస్టు ఆరున ఎంక్వైరీ. లోహం మీద నీళ్లు కొట్టడం ఆయన నిర్లక్ష్యమేనని, పనిలోంచి తీసేయాలని మేనేజర్ అభిప్రాయం. సాంకేతికంగా ఒక నోట్ రాయమని నాకు చెప్పారు. నాకు ఎవరి మీదా కక్ష లేదు. కానీ అక్కా, కొత్తవాళ్లకి పాఠాలు చెప్పే మనిషి, తీసేది ఏ రకమో చూసుకోనక్కర్లేదా? నీళ్ల సిలిండర్ పొడి సిలిండర్ కన్నా జానెడు పొడుగుంటుంది, ఆ తేడా కూడా కనపడలేదా?

నువ్వొక సాయం చెయ్యి. "అనుభవం ఉన్న పనివాడు వాడబోయే ముందు సిలిండర్ రకం చూసుకోవాలి" అని మీ షాపు కాగితం మీద రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి పంపు. అందులో అబద్ధం ఏముంది? లోహం మీద నీళ్లు కొట్టకూడదని నువ్వే కదా రాశావు.

నీ తమ్ముడు


సిలిండర్ల షాపు
జూలై 15

సేఫ్టీ ఆఫీసర్ గారికి,

నేను రాసిన ఉత్తరం పట్టుకెళ్లి ఒక కాలిన మనిషి నెత్తిన పెడతావని తెలిస్తే మూకుడు గురించి తప్ప ఇంకేమీ రాసేదాన్ని కాదు. సంతకం కావాలట. సంతకం అడిగే ముందు ఆస్పత్రికి వెళ్లి ఆ మనిషిని చూశావా? చూసి ఉంటే రాసేవాడివే, నీకు గొప్పలు రాసుకునే అలవాటు.

జానెడు తేడా కనపడలేదా అంటున్నావు. కాళ్ల కింద మంట లేస్తుంటే టేపు తీసి కొలుస్తాడా? నిప్పు ముందు నిలబడ్డ మనిషి చదవడు, కొలవడు. ఇరవై రెండేళ్లు ఏ చోటికి వెళ్లిందో చెయ్యి ఆ చోటికే వెళ్తుంది. అందుకే సిలిండర్ ఉండాల్సిన చోట ఉండాలంటారు. ఆ ఉంచాల్సినవాడికే కంపెనీ గాజు తలుపు పెట్టించి ఇచ్చింది.

నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను. మెగ్నీషియం కోసే లేత్ పక్క స్తంభానికి నీళ్ల సిలిండర్ ఎలా వచ్చింది? అక్కడ ఇన్నేళ్లుగా ఉన్న ఉప్పు పొడి సిలిండర్ ఎక్కడికి పోయింది? దాని పక్కన ఇసుక బకెట్లు ఉండాలి, అవేవి? వాటిని ఎవరు, ఏ బుర్రతో కదిపారు?

నీళ్లు నమలకుండా జవాబు రాయి. చిన్నప్పుడు పలక పగలగొట్టి దాని మీద కూర్చుని, పలక పోయిందని ఏడ్చినవాడివి నువ్వు. ఇప్పుడు దేని మీద కూర్చున్నావో నాకు తెలియాలి.

అక్క


ఫ్యాక్టరీ, ఆఫీసు బ్లాకు
జూలై 24

అక్కా,

సాయం అడిగితే చీవాట్లు పంపావు. సరే, జవాబులు తీసుకో.

మే నెలాఖరులో మా సరుకు కొనేవాళ్లు ఫ్యాక్టరీ చూడటానికి వస్తున్నారన్నారు. మేనేజర్ నన్ను వెంటబెట్టుకుని షెడ్డంతా తిరిగాడు. ఒక సిలిండర్ పొడుగు, ఒకటి పొట్టి, ఒకదానికి పట్టీ, ఒకదానికి తుప్పు, ఇదేం అవతారం అన్నాడు. వారంలో చూడముచ్చటగా ఉండాలన్నాడు. ఉంచాను. అన్నీ ఎత్తు ప్రకారం పెట్టించాను. పొడుగువి వచ్చినవాళ్లు నడిచే దారి పొడవునా ముందు వరసలో, పొట్టివి వెనక ఫైళ్ల గది దగ్గర. లేత్‌లు ఉన్నది ముందు దారిలోనే. ఉప్పు పొడివి పొట్టివి. ఇసుక బకెట్ల నిండా సిగరెట్ పీకలు ఉంటే ఖాళీ చేయించి పూలమొక్కలు పెట్టించాను. వచ్చినవాళ్లు ఆగి మరీ మెచ్చుకున్నారు. మేనేజర్ నా భుజం తట్టాడు. తరవాత మళ్లీ మార్చుదాంలే అనుకున్నాను, పనుల్లో పడి కుదరలేదు.

ఇప్పుడు నేను అడుగుతాను. నాలుగు ప్రశ్నలు వేశావు, అయిదోది ఎందుకు వేయలేదు? లోహం పొడి సిలిండర్ నడుముకి ఉండే పసుపు పట్టీ ఏమైందని ఎందుకు అడగలేదు? పట్టీ లేకుండా ఒక్క సిలిండర్ కూడా మీ షాపు గడప దాటకూడదని నాకు చిన్నప్పటినుంచి చెప్పింది నువ్వే. మేలో నలభై సిలిండర్లు మీ షాపుకే పంపాను. అన్నీ ఒకే ఎరుపు కావాలి, పట్టీలు వద్దు, కంపెనీ బొమ్మతో కొత్త స్టిక్కర్లు మేమే అంటించుకుంటాం అన్నాను. నువ్వు మాట్లాడకుండా రంగు వేసి పంపావు. స్టిక్కర్లు ఇంకా ప్రెస్ నుంచి రానేలేదు. ఆ స్తంభానికి పట్టీ లేని ఎర్ర సిలిండర్ ఉంటే, అన్నిటికీ పట్టీలు తీసేశారులే అనుకోడూ మేష్టారు? ఎత్తులు చూసింది నేను, ఒప్పుకుంటాను. రంగు వేసింది ఎవరు? చలాన్ మీద సంతకం ఎవరిది?

నన్ను తిట్టడం నీకు చేతనవును. ఇద్దరం నోరు మూసుకుంటే ఇద్దరం బయటపడతాం. నన్ను ఈ గదిలోంచి పంపేస్తే మళ్లీ స్టోర్స్‌లో కూడా చేర్చుకోరు. నీ మేనకోడలు ఈ ఏడే కాలేజీలో చేరింది. ఆలోచించుకో.

తమ్ముడు


సిలిండర్ల షాపు, పై గది
ఆగస్టు 2

తమ్ముడికి,

సంతకం నాదే.

రంగు కూడా నేనే వేశాను, నా చేత్తో. నలభైలో పన్నెండిటికి పసుపు పట్టీలున్నాయి. పన్నెండు పట్టీల మీదా ఎరుపు కొట్టాను. స్టిక్కర్లు వచ్చేదాకా ఇక్కడే ఉంచుతాను అని ఒక్క మాట అనాల్సింది. ఇంకెవరైనా అడిగి ఉంటే మొహం మీదే అనేదాన్ని. పెద్ద పదవి వచ్చింది, తమ్ముడి పనికి అక్క అడ్డం పడిందనిపించుకోవడం ఎందుకులే అనుకున్నాను. నీ దర్జా చూసి నవ్వుతున్నట్టు నటించాను గానీ లోలోపల తెగ మురిసిపోయాను. ఇంత తెలివితక్కువదాన్ని నేనని నాకే తెలియదు.

నీ మొదటి ఉత్తరంలో లోహం అన్న మాట చూడగానే నాకు ఆ పట్టీలే గుర్తొచ్చాయి. అందుకే అంతలా తిట్టాను. నిన్ను తిడుతున్నంతసేపూ నన్ను నేను ఏమీ ప్రశ్నించుకోనక్కర్లేదు.

మొన్న ఆస్పత్రికి వెళ్లాను. మేష్టారికి రెండు చేతులకీ కట్లు. ఆయన భార్య చెంచాతో టీ పట్టిస్తోంది. ఫలానా షాపు నుంచి వచ్చానని చెప్పాను. నీ అక్కనని కూడా చెప్పాను. ఆయన నిన్ను ఒక్క మాట అనలేదురా. నన్నే అడిగాడు.

"అమ్మా, మీకు తెలిసి ఉంటుంది. నేను చూడకుండా తీశానా? ఇరవై రెండేళ్లు చూశాను కదా, ఆ పూట ఎలా చూడలేదు?"

నువ్వు నోట్ రాయక్కర్లేదు, నా సంతకమూ అక్కర్లేదు. తప్పు తనదేనని ఆ మనిషే తన మీద రాసేసుకున్నాడు. వచ్చినవాళ్లనందరినీ అదే అడుగుతున్నాడట.

మీ చెయ్యి సరైన చోటికే వెళ్లింది, అక్కడున్నదాన్ని మేం మార్చాం, పట్టీ నేను చెరిపేశాను అని చెప్పాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆవిడ చెంచా గ్లాసులో పెట్టేసి నన్ను చూసింది. ఆ చూపులో సగం నీది, వచ్చి తీసుకో.

మా ఓనరుకి చెప్పేశాను. తనిఖీ ముద్ర నా దగ్గర్నుంచి తీసుకుని వేరేవాళ్లకి ఇచ్చాడు. ఇరవై ఏడేళ్ల తరవాత ఇప్పుడు నేను నింపింది ఇంకొకరు చూసి పంపుతారు. సరిగ్గానే చేశాడు. రంగు సంగతి రాసి ఎంక్వైరీ వాళ్లకి పంపాను. ఎత్తుల సంగతి, పూలమొక్కల సంగతి రాయలేదు. అవి నువ్వు చెప్పాల్సినవి. నేను చెప్పింది ఒక్కటే అయితే ఆయన బయటపడడు. పట్టీ లేకపోతే మాత్రం ఇన్నేళ్లవాడు పోల్చుకోలేడా అంటారు. సిలిండర్ చోటు మారిందని నువ్వు చెబితేనే ఆ మనిషికి ఉద్యోగం మిగులుతుంది, తన మీద తనకి నమ్మకం మిగులుతుంది.

మేనకోడలి చదువు అడ్డం పెట్టుకోకు. ఆ పిల్లకి తెలిస్తే నీ మొహాన ఉమ్మేస్తుంది. ఆరో తేదీన నువ్వు నోరు విప్పకపోతే నాకు ఇంకెప్పుడూ ఉత్తరం రాయకు. వచ్చినా విప్పను.

అక్క


ఇంటి నుంచి
ఆగస్టు 8

అక్కా,

చెప్పాను.

సులువుగా చెప్పానని అనుకోకు. ముందు నేను అప్పటికే ఇచ్చేసిన నోట్ చదివారు, తరవాత నీ ఉత్తరం చదివారు. చూశారా, తప్పంతా ఆ షాపుదే అని మేనేజర్ అందుకున్నాడు. అవునంటే నేను బయటపడిపోయేవాణ్ణి. ఒక్క క్షణం అందామనే అనుకున్నాను, నీ దగ్గర దాచడం దేనికి. మేష్టారు ఎదురుగా కూర్చున్నాడు. ఎవరో బల్ల మీద తువ్వాలు పరిచి దాని మీద ఆయన చేతులు ఉంచారు. నేను లేచి ఎత్తు ప్రకారం మార్పించింది నేనే అన్నాను. ఎంక్వైరీ చేస్తున్న పెద్దాయన అర్థం కాక "దేని ప్రకారం?" అని రెండుసార్లు అడిగాడు. నేను రెండుసార్లూ చెప్పాను. పక్కనున్నాయన నవ్వబోయి, మేష్టారిని చూసి ఆపుకున్నాడు. మొక్కల సంగతి చెప్పేసరికి ఇక ఎవరూ నా వైపు చూడలేదు.

మేష్టారి తప్పేమీ లేదని రాశారు. ఉద్యోగం ఉంటుంది. కుడిచేతి వేళ్లు మళ్లీ వంగుతాయో లేదో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు. నన్ను సస్పెండ్ చేశారు. సిలిండర్లు ఎవరు ఎక్కడ పెట్టించారో తనకి తెలియదని చెప్పి మేనేజర్ చేతులు దులుపుకున్నాడు. భుజం తట్టిన సంగతి నేను గుర్తు చేశాను, ఎవరూ రాసుకోలేదు.

బయటికి వచ్చాక వరండాలో మేష్టారి దగ్గరికి వెళ్లాను. క్షమించమని అడగడానికి దారంతా మాటలు కూర్చుకుని పెట్టుకున్నాను. నోరు తెరిచేలోగా ఆయనే అడిగాడు.

"ఆ ఉప్పు పొడివి ఇప్పుడెక్కడున్నాయి?"

ఇంకా ఫైళ్ల గది దగ్గరే ఉన్నాయి. ఏడు వారాలు. ఎవరి తప్పు అని నేను నోట్ రాశాను, నువ్వు ప్రశ్నలు రాశావు, మేనేజర్ ఎంక్వైరీ వేశాడు. లేత్‌లు రోజూ నడుస్తూనే ఉన్నాయి, వాటి పక్కన నీళ్ల సిలిండర్లు వేలాడుతూనే ఉన్నాయి. మన ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆయన షెడ్డు వైపు నడిచాడు. నేను వెనకే వెళ్లాను. గేటు దగ్గర నా పాసు అడిగారు, అది ఎంక్వైరీ గదిలోనే లాగేసుకున్నారు. తనతో వచ్చానని ఆయనే చెప్పి లోపలికి తీసుకెళ్లాడు. పన్నెండూ ఒక్కొక్కటే మోశాను. ప్రతిదాన్నీ ఊపమన్నాడు, లోపల నీళ్లు కదిలిన చప్పుడు లేదని తేల్చుకున్నాకే తగిలించనిచ్చాడు. పనివాళ్లు మెషీన్లు ఆపి నిలబడి చూశారు. ఏది ఏ స్తంభానికి పెట్టాలో ఆయన నాకు గడ్డంతో చూపించాడు.

తమ్ముడు